యౌవనుల పుట: కేక వెనుక పాట



గత నెల జడ్చర్లలో ఆదివారపు ఆరాధన ముగించుకొని బయటకు వస్తుండగా ఒక తల్లి నన్ను ఆపింది. "సార్, మా పిలగాడు హైదరాబాద్ కాలేజీకి పోయినకాడికెల్లి మారిండు. రాత్రిపూట సెల్‌ఫోన్ల దయ్యం పట్టినోళ్ళ అరుపులు ఇంటుండు. అడిగితే ఇవి దేవుని పాటలేనమ్మా అంటడు. ఫోను గుంజుకొని బియ్యం డబ్బాల దాచిన. రెండు వారాలాయె, చర్చికి వస్తలేడు, నాతోని మాట్లాడ్తలేడు" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మరునాడు సాయంత్రం ఆ ఇంటికి వెళ్ళాను. అమ్మను అడిగి ఫోను తెప్పించి, "ఏదీ, నాకూ వినిపించు నాయనా" అన్నాను. అబ్బాయి మొదట నమ్మలేదు. తర్వాత ఒక పాట పెట్టాడు. నిజం చెప్పాలంటే, మొదటి నిమిషంలో లేచి వెళ్ళిపోవాలనిపించింది. ఒక్క మాట అర్థం కాలేదు. అప్పుడతడు పాట పాడేవారి పేరు చెప్పాడు: లివింగ్ సాక్రిఫైస్. అంటే సజీవ యాగము. రోమా పత్రిక 12వ అధ్యాయము మొదటి వచనం తెలిసినవారికి ఆ పేరు ఎక్కడిదో వేరే చెప్పనక్కరలేదు. నేను మళ్ళీ కూర్చున్నాను.

వీరు అమెరికాలో ఆర్కాన్సా రాష్ట్రపు లిటిల్ రాక్ పట్టణంవారు. 1989లో జట్టుగా కూడారు. 1991లో వచ్చిన మొదటి ఆల్బములో అంతా వేగమే, గిటారు ఊపిరి తీసుకోనివ్వదు. 1992లో ఒకటి, 1994లో ఒకటి తెచ్చాక, పాడుతూ వచ్చిన డారెన్ జాన్సన్ వెళ్ళిపోయాడు. గొంతు పోతే జట్టు పోయినట్టే అని మన కోయిర్లలో అనుకుంటాం గదా! అయితే గిటారు వాయించే బ్రూస్ ఫిట్జ్‌హ్యూ తానే పాడడానికి నిలబడ్డాడు. 1997లో 'రీబార్న్' అనే ఆల్బము తెచ్చారు. తిరిగి జన్మించుట అని అర్థం. ఆ పేరు ఊరికే పెట్టలేదు. వేగం తగ్గింది, బరువు పెరిగింది. హెవీ మెటల్ గిటారు బరువునూ, హార్డ్‌కోర్ అనే మరో సంగీతపు దురుసునూ కలిపిన ఈ పద్ధతిని మెటల్‌కోర్ అంటారని అబ్బాయి చెప్పాడు. పాట పరుగెత్తి పరుగెత్తి ఒక్కసారిగా నెమ్మదించి, వాయిద్యాలన్నీ కలిసి ఒకే దెబ్బ కొడతాయి. అది వినగానే నాకు మన డప్పులవాళ్ళు దరువు మార్చే ఘడియ గుర్తుకు వచ్చింది.

2000లో వచ్చిన 'ద హ్యామరింగ్ ప్రాసెస్' నాకు అన్నిటికంటే నచ్చింది. అందులో మామూలు డ్రమ్ములు చాలవన్నట్టు, అదనంగా తాళవాయిద్యాలు వాయించడానికే మ్యాట్ పుట్‌మన్ అనే ఆయనను చేర్చుకున్నారు. ఒకరి దరువు మీద మరొకరి దరువు పడుతుంటే, ఆ కేక ఇప్పటికీ నా చెవికి రుచించకపోయినా, కాలు మాత్రం ఆగలేదు. 2002లో మరొకటి తెచ్చి, 2003లో విడిపోయారు. 2008లో మళ్ళీ కూడి, 2010లో, 2013లో ఇంకా రెండు ఆల్బములు ఇచ్చారు. వీరి దగ్గర వాయించిన జేసన్ ట్రూబీ పి.ఓ.డి. అనే జట్టులోకి, రాకీ గ్రే ఇవానెసెన్స్ అనే జట్టులోకి వెళ్ళారు. ఆ రెండు పేర్లూ లోకమంతా మోగాయి. దారి వేసిన వీరిని మాత్రం తెలిసినవారే ఎరుగుదురు.

ఆ తల్లితో నేను వేరే సంగతి మాట్లాడాను. మా చిన్నప్పుడు మా పల్లె సంఘపు పెద్దలు డప్పును గడప దాటనివ్వలేదు. అది జాతరది, చావుది అనేవారు. హార్మోనియం మాత్రం పవిత్రం! అదీ దొరల దేశం నుండి వచ్చిన పెట్టెయే గదా. ఈనాడు క్రిస్మస్ ఊరేగింపు డప్పు లేకుండా కదలదు. అంతకు ముందు సంగతి చూస్తే, పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) మన దేశపు రాగాలలో కీర్తనలు కట్టారు. అవి నేడు మనకు తాతల ఆస్తి. 150వ కీర్తన తీసి చూడండి, అక్కడ పేర్కొన్న వాయిద్యాలలో నెమ్మదైనవి ఎన్ని, మ్రోగేవి ఎన్ని?

అలాగని ఈ పాటలను ఆదివారం ఆరాధనలో పెట్టమని నేననను. సంఘపు పాట ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మ నోటికి అందాలి. ఆ మాట అబ్బాయితోనూ గట్టిగానే చెప్పాను. చెవుల్లో తీగలు పెట్టుకొని అంత శబ్దంతో రాత్రంతా వింటే వినికిడి దెబ్బతింటుందని కూడా చెప్పాను. ఆ మాటల కాగితం తెచ్చి అమ్మకు తెలుగులో చెప్పమన్నాను. అతడు చదివి చెబుతుంటే ఆమె బియ్యం ఏరుతూ వింటూ, "గిదంత గట్ల మొత్తుకోకుంట చెప్పొచ్చు గద బిడ్డా" అన్నది. అబ్బాయి నవ్వాడు. రెండు వారాలలో అదే మొదటి నవ్వట.

ఫోను డబ్బాలోకి తిరిగి వెళ్ళలేదు. ఆ ఆదివారం అతడు చర్చికి రాలేదు. మొన్న బుధవారం గృహకూటానికి మాత్రం వచ్చి, చెప్పులు విడిచే చోట గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ప్రార్థన అయ్యాక నా దగ్గరకు వచ్చి, మన డోలక్ ఎవరి దగ్గర ఉంటుంది సార్ అని అడిగాడు.