జీతం బెంగళూరులో, కాపురం హొసూరులో: పన్ను ఎవరికి?

మొన్న మన సంఘం వాట్సాప్ గుంపులో ఒక వీడియో తిరిగింది. ఊరు మారి ఇంటి నుంచే పనిచేసేవాళ్లు రెండు రాష్ట్రాలకు రెండు రిటర్నులు వేయాలట. అది అమెరికా సంగతి. అక్కడ చాలా రాష్ట్రాలకు సొంత ఆదాయపన్ను ఉంది, ఏడాది మధ్యలో మారినవాళ్లు రెండుచోట్లా లెక్క చెప్పాల్సి వస్తుంది. ఇక్కడ జీతం మీద ఆదాయపన్ను కేంద్రానిదే, రిటర్ను ఒకటే. డాలస్‌లో ఉండే బావమరిది పంపినాడని మన పిల్లలు నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. (ఆ టెక్సాస్‌కు అసలు రాష్ట్ర ఆదాయపన్నే లేదు, అది వేరే మాట.)

మేలుకోవాల్సిన చోట మాత్రం మనం హాయిగా నిద్రపోతున్నాం. అది వృత్తిపన్ను.

2020లో కరోనాకు బెంగళూరు గది ఖాళీ చేసి వచ్చిన మన పిల్లలు ఎందరో ఇక్కడే ఉండిపోయినారు. ఇక్కడే తింటారు, ఇక్కడి కాలువ పొంగితే ఇక్కడే తిడతారు. జీతం చీటీలో మాత్రం నెలకు 200 కర్ణాటక ఖజానాకు పోతోంది. తమిళనాడులో ఈ పన్ను స్థానిక సంస్థకే చేరుతుంది, ఆరు నెలలకొకసారి వసూలు. అంటే మన వీధి దీపానికి, మన మురుగుకాలువకు పనికొచ్చే డబ్బు అత్తిబెలె దాటి పోతోందన్నమాట.

"రెండు నూర్లకు ఇంత రాద్ధాంతమా అన్నా?" అని ఒక తమ్ముడు అడిగినాడు. నిజమే, చిన్న మొత్తమే. రాజ్యాంగం 276వ అధికరణం ఈ పన్నుకు పెట్టిన హద్దే ఏడాదికి 2,500, 1988లో సవరించినాక అది కదల్లేదు. కానీ తెలుగు బడి కావాలని, తెలుగు పంతులు కావాలని అర్జీ పట్టుకుని ఆఫీసుల గడప ఎక్కినప్పుడు, మేమూ ఈ ఊరివాళ్లమే అనడానికి ఏ కాగితం చూపిస్తాం? తాతల కాలపు పట్టాలు చూపిస్తాం. మనవళ్ల పేర్లు ఈ ఊరి పద్దులో ఉండవు.

ఇంకొక మాట, చేదుగానే ఉంటుంది. అమ్మానాన్నల ఇంట్లో ఉంటూ, బెంగళూరు గది బాడుగ రసీదులిచ్చి హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు తీసుకునేవాళ్లు మనలో ఉన్నారు. కట్టని బాడుగకు మినహాయింపు లేదు. అది తెలివి కాదు, దొంగలెక్క. నోటీసు వచ్చినాక సంఘం పెద్దలను వెంటేసుకుని ఆడిటరు దగ్గరికి పరుగెత్తినవాళ్లను చూసినాం. ఇల్లు నాన్నదైతే ఆయనకే నిజంగా బాడుగ కట్టండి, బ్యాంకు ద్వారా కట్టండి, ఆయన దాన్ని తన ఆదాయంలో చూపించనీ.

తప్పంతా పిల్లలదే అనము. ఈ చట్టాలు రాసిన కాలంలో పని అంటే ఆఫీసు కుర్చీ. కంపెనీలు ఇప్పటికీ ఆఫీసు చిరునామా చూసి కోసేస్తాయి, మనిషి ఎక్కడ కూర్చున్నాడని అడగవు. వారానికి మూడు దినాలు బెంగళూరు పోయేవాడికి అక్కడ కోయడం మీద మాకు పేచీ లేదు. ఏడాది పొడుగునా ఆఫీసు గేటు చూడనివాడి సంగతే మేము అడుగుతున్నది.

అట్లని తొందరపడి ఇక్కడ కట్టేయకండి. అక్కడ కోత ఆగకుంటే రెండుసార్లు పోతుంది. పనిచేసే చోటు మారిందని ముందు కంపెనీకి రాతమూలంగా తెలిపి, రాతమూలంగానే జవాబు తీసుకోవాలి. ఉత్తరం నమూనా సంఘంలో తయారుగా ఉంది. ఆదివారం జీతం చీటీ తీసుకుని రండి. బాడుగ రసీదులు ఉన్నవాళ్లు అవీ తెండి, ఆ సంగతీ మాట్లాడుకుందాం.