ఆ ముప్పై గంటలు ముఖ్యం

బైపీసీ చదివిన అమ్మాయికి మెడిసిన్ సీటు రాలేదనగానే మన ఇళ్ళలో వినిపించే మాట ‘‘పోనీ, బీఫార్మసీలో చేర్పిద్దాం’’. ఇంజనీరింగ్ వద్దనుకున్న ఎంపీసీ పిల్లలకీ అదే దారి. నిన్నటి ఎంసెట్ 2021లో ఈఏపీసెట్‌గా మారినా, రెండు గ్రూపులకీ ఫార్మసీ తలుపు తెరిచే ఉంది. రాజమండ్రి, భీమవరం, సూరంపాలెం... గోదావరికి ఇటూ అటూ కాలేజీలు ఉండటంతో ఆడపిల్లని దూరం పంపనక్కర్లేదన్న ధీమా కూడా వచ్చింది. సంతోషమే. కానీ సీటు వచ్చినంత తేలిగ్గా చదువు సాగుతుందా?

బైపీసీ పిల్ల పదో తరగతితోనే లెక్కలకి దణ్ణం పెట్టేసింది. ఎంపీసీ పిల్ల గుండె, మూత్రపిండాల పాఠాలు చూసి రెండేళ్ళు దాటింది. ఇద్దరూ ఒకే క్లాసులో కూర్చుంటారు. ఈ లోటు పూడ్చడానికే ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2014 నాటి నిబంధనల్లో మొదటి సెమిస్టరులోనే ఎంపీసీ వాళ్ళకి రెమెడియల్ బయాలజీ, బైపీసీ వాళ్ళకి రెమెడియల్ మ్యాథమెటిక్స్ పెట్టింది. పాఠం వారానికి 2 గంటలు, మొత్తం 30 గంటలు. యూనివర్సిటీ పరీక్ష లేదు, మార్కులు కాలేజీలోనే వేస్తారు.

చిక్కంతా ఇక్కడే. ‘‘యూనివర్సిటీ పరీక్ష కాదుగా, ఎలాగో పాసైపోతాం’’ అనుకుంటారు పిల్లలు. లాగరిథమ్స్, మాత్రికలు, కలనం... తోటివాళ్ళు ఇంటర్లో రెండేళ్ళు నేర్చుకున్నదాన్ని 30 గంటల్లో అందుకోవాలంటే అశ్రద్ధ చేస్తే కుదురుతుందా?

మందులిచ్చేవాళ్ళకి ఈ లెక్కలెందుకని అడగొచ్చు. మన డెల్టాకి బాగా తెలిసిన బోదకాలు మందునే తీసుకోండి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన అమెరికాలో తయారైన డీఈసీ అది. చికిత్సలో కిలో బరువుకి 6 మిల్లీగ్రాములు లెక్క. 50 కిలోల మనిషికి 300, 20 కిలోల బిడ్డకి 120. దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే ఏ మందైనా పదింతలవుతుంది! ఒంట్లో మందు ఎంతసేపు నిలుస్తుందో లెక్కగట్టడానికి పై తరగతుల్లో లాగరిథమ్స్ కావాలి. మూత్రపిండాలు దెబ్బతిన్న రోగికి కొన్ని మందుల మోతాదు ఎందుకు తగ్గించాలో తెలియాలంటే ఆ మూత్రపిండం పనితీరు తెలియాలి.

తెలుగు మీడియం పిల్లలకి ఇంకో గండం ఉంది. సంవర్గమానాలు వచ్చిన పిల్లే లాగరిథమ్ అనేసరికి బిక్కమొహం వేస్తుంది. ధమని తెలిసిన పిల్ల ఆర్టరీ దగ్గర ఆగిపోతుంది. తెలివి లేక కాదు, మాట తెలియక. అడిగితే నవ్వుతారేమోనని వెనక బెంచీలో మౌనంగా కూర్చుంటుంది.

అబ్బాయికి ఒక సబ్జెక్టు పోతే ‘‘మళ్ళీ రాస్తాడులే’’ అంటాం. అమ్మాయికి పోతే? ‘‘చదివింది చాలు, సంబంధాలు చూద్దాం’’ అనే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. అందుకే ఈ 30 గంటల్ని చిన్నచూపు చూడొద్దని నేననేది.

కాలేజీల వారికి నా విన్నపం ఒక్కటే. ఆ 30 గంటలతో సరిపెట్టకుండా, క్లాసులు మొదలయ్యే ముందు ఒక్క రెండు వారాలు, మార్కుల గొడవ లేకుండా, అవసరమైనచోట తెలుగులో వివరిస్తూ పునాది పాఠాలు చెప్పండి. ఎంపీసీ పిల్లనీ బైపీసీ పిల్లనీ జంటగా కూర్చోబెడితే ఒకరికి ఒకరు గురువులవుతారు.

అమ్మాయిలూ, కౌన్సెలింగ్ కోసం ఎదురుచూసే రోజుల్ని వృథా చేసుకోకండి. పక్కింటి పిల్ల దగ్గర తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకం అడిగి తెచ్చుకోండి. మీది ఆమెకివ్వండి. రోజుకో గంట చాలు.

ఇక తల్లిదండ్రులు... ఫీజు కట్టడంతో మన బాధ్యత తీరిపోదు. మొదటి సెమిస్టరులో పిల్ల తడబడితే కోప్పడకండి, పెళ్ళి మాట ఎత్తకండి. ‘‘ఎక్కడ అర్థం కాలేదమ్మా?’’ అని అడగండి. రేపు ఎవరి బిడ్డకో సరైన మోతాదు మందు అందించేది ఆ చేతులే!