నెత్తి మీద పలకలు, ఇంట్లో చీకటి

మొన్న వాయుగుండానికి మా ఊళ్లో కరెంటు పోయింది. మర్నాడు వాన తెరిపిచ్చి పదింటికల్లా ఎండ కాసింది. ఇరుగుపొరుగు వాళ్లు సెల్‌ఫోన్లు, చార్జర్లు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. "బావూ, నీ మేడ మీద సోలారుంది గదా, కాసేపు చార్జింగు ఎట్టుకుంటాం" అన్నారు. మేడ మీద పలకలు తళతళలాడుతున్నాయి. ఇంట్లో ఫ్యాను తిరగడం లేదు. సంఘం సభల్లో మైకు పట్టుకుని మాట్లాడే నేను వాళ్లకు ఏం చెప్పాలో తెలియక నిలబడిపోయాను.

తర్వాత విచారిస్తే తెలిసిన సంగతి ఇది. సబ్సిడీ మీద మన ఇళ్లకు పెడుతున్నవి చాలావరకు లైనుతో కలిసి నడిచే పలకలు. లైనులో కరెంటు ఉంటేనే ఇన్వర్టరు పనిచేస్తుంది, లైను పోతే అదీ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన నియమం అది, దాన్ని నేను తప్పు పట్టను. కరెంటు పోయినప్పుడూ వాడుకోవాలంటే బ్యాటరీ, దానికి తగ్గ ఇన్వర్టరు కావాలి, ఆ ఖర్చు వేరే. ఈ ముక్క సంతకాలు పెట్టించుకున్న రోజు నాకు ఎవరూ చెప్పలేదు. "ఇక మీకు కరెంటు బాధే ఉండదు" అన్నారు. 2014లో హుద్‌హుద్‌ను, 2018లో తిత్లీని చూసిన జిల్లాలివి. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లతో పాటు స్తంభాలూ కూలి, ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి చోట అమ్మే సరుకు తుపాను నాడు అక్కరకు రాదని చెప్పకపోవడాన్ని మోసమనే అంటారు.

ఇది చదివి మేం సౌర విద్యుత్తుకు వ్యతిరేకులమని ఎవరూ అనుకోవద్దు. బొగ్గు కరెంటు కేంద్రాలు మా కొంపలు ముంచుతాయని 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో తుపాకులకు ఎదురు నిలిచి ప్రాణాలిచ్చిన గడ్డ ఇది. బీల కోసం, తంపర కోసం కొట్లాడిన రైతులకు ఎండ విలువ ఇంకొకరు నేర్పనక్కర్లేదు. మా తగువంతా ఎండను చూపించి చేస్తున్న బేరంతోనే.

లెక్క చూద్దాం. పీఎం సూర్యఘర్ పథకాన్ని కేంద్రం 2024 ఫిబ్రవరిలో తెచ్చింది. కోటి ఇళ్లు లక్ష్యం, 75,021 కోట్ల రూపాయల ఖర్చు. 1 కిలోవాటుకు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 ఆపైన ఎంతైనా 78 వేలు సబ్సిడీ. పథకం పేరులోనే ఉచిత కరెంటు అనే మాట ఉంది. నేనూ నమ్మాను.

నాకు 2 కిలోవాట్లకు 1,30,000 అయింది. సబ్సిడీ పోగా నా నెత్తిన పడింది 70 వేలు. 7 శాతం వడ్డీకి పదేళ్ల అప్పంటే నెలకు 810 రూపాయల కిస్తీ. ఇక మా వాడకం నెలకు 90 యూనిట్లు. మన రాష్ట్రంలో మొదటి 30 యూనిట్లకు 1.90 చొప్పున, 75 వరకు 3 రూపాయల చొప్పున, 125 వరకు 4.50 చొప్పున వేస్తారు. ఆ లెక్కన 90 యూనిట్లకు 259 రూపాయల 50 పైసలు. స్థిర చార్జీలు, సర్దుబాటు చార్జీలు అన్నీ కలిపినా 400 దాటదు. 400 బిల్లు తప్పించుకోవడానికి 810 కిస్తీ! మా వాడకానికి 1 కిలోవాటు చాలు. అది గిట్టదని నాకు 2 అంటగట్టారు. మిగిలిన కరెంటు లైనులోకి పోతోంది. దానికి ఎంత కడతారో, ఎప్పుడు కడతారో రాసిచ్చినవాడు లేడు.

అదే పట్నంలో ఏసీ వేసుకుని నెలకు 300 యూనిట్లు కాల్చే ఇంటిని చూడండి. 225 దాటాక యూనిట్ 8.75. వాళ్ల బిల్లు చార్జీలు కాక 1,673. 2 కిలోవాట్ల పలకలు నెలకు 240 యూనిట్ల దాకా ఇస్తే ఆ బిల్లు 147కి దిగుతుంది. కిస్తీ కట్టినా నెలకు 700 పైన మిగులు. వాళ్లకు లాభం రావడం మీద నాకు ఏడుపు లేదు. ఒకే పథకం ఉన్నవాడికి మిగులు, లేనివాడికి అప్పు ఎలా అవుతోందన్నదే నా ప్రశ్న. మన జిల్లాల్లో రైతులు ఎక్కువమంది బీసీలే. రాష్ట్రం బీసీలకు 2 కిలోవాట్లకు అదనంగా ఇస్తానన్న 20 వేలు కలిపినా కిస్తీ 580. అప్పటికీ బిల్లు కంటే ఎక్కువే. పైగా సబ్సిడీ కావాలంటే దేశంలో తయారైన పలకలే పెట్టాలి. వాటి ధర ఎక్కువ, సబ్సిడీలో కొంత అక్కడే కరిగిపోతుంది.

ఎస్సీ, ఎస్టీలకు 2 కిలోవాట్లు పూర్తి ఉచితం అంటున్నారు, మంచిదే. కానీ వాళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు ఇప్పటికే ఉంది. పలకలతో మిగిలేది ముందు ప్రభుత్వానికి. రేపు పలక పగిలినా, ఇన్వర్టరు కాలినా పాత హక్కు అలాగే ఉంటుందని ఉత్తర్వులో రాయించుకోవాలి.

పెట్టాక తిప్పలు వేరే. మాది ట్రాన్స్‌ఫార్మరుకు చివరి ఇల్లు. మోటార్లు ఆడే వేళ ఓల్టేజీ పడిపోతుంది, ఇన్వర్టరు దానంతట అదే ఆగిపోతుంది. ఎండ బాగా కాసే వేళే ఇది జరుగుతుంది. పక్కింటి కొబ్బరి చెట్టు నీడ ఒక పలక మీద పడితే మిగతా పలకల కరెంటూ తగ్గుతుందని పెట్టేముందు చూసినవాడు లేడు. అయిదేళ్లు మరమ్మతు పెట్టినవాళ్ల బాధ్యతే అని నిబంధన. సబ్సిడీ పడేదాకా రోజుకు రెండుసార్లు ఫోన్ చేసిన మనిషి ఇప్పుడు నా ఫోన్ ఎత్తడు. మా ఊళ్లో ఇంకొకాయన మీటరు చనిపోయిన తండ్రి పేరున ఉంది. పేరు మార్పు కాక దరఖాస్తు అక్కడే ఆగింది, ఇచ్చిన అడ్వాన్సు మాత్రం వెనక్కి రాలేదు.

కాబట్టి రైతు సోదరులారా, సంతకం పెట్టే ముందు ఏడాది బిల్లులు ముందు పెట్టుకుని నెల వాడకం చూసుకోండి. 100 యూనిట్లు దాటని ఇల్లయితే అప్పు చేసి పెట్టించుకోవద్దు. మీటరు ఎవరి పేరున ఉందో చూడండి. కరెంటు పోతే పనిచేస్తుందా లేదా అన్నది కాగితం మీద రాయించుకోండి. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు 1912కి ఫిర్యాదు చేసి ఆ నంబరు దాచుకోండి. పని కాకపోతే విద్యుత్ వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు రాతపూర్వకంగా వెళ్లండి.

ప్రభుత్వాన్ని మనం అడగాల్సినవి ఇవి:

1. నెలకు 125 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు కిస్తీ బిల్లును మించకుండా సబ్సిడీ పెంచాలి.
2. తుపాను తాకిడి ఉన్న తీర మండలాల్లో కనీసం పంచాయతీకి, బడికి, ఆరోగ్య ఉపకేంద్రానికి బ్యాటరీతో కూడిన సోలారు పెట్టాలి.
3. చివరి ఇళ్ల ఓల్టేజీ సరిచేశాకే అక్కడ పలకలు పెట్టాలి.
4. అయిదేళ్ల మరమ్మతు ఎగ్గొట్టిన కంపెనీని జాబితా నుంచి తీసేయాలి, డిపాజిట్ నుంచి రైతు నష్టం కట్టించాలి.

పంపుసెట్లకు మీటర్ల ప్రయోగం 2020లో మన శ్రీకాకుళంలోనే మొదలుపెట్టారు. ఏ కొత్త ప్రయోగానికైనా మన జిల్లాలే దొరుకుతాయి, అది చెడితే నష్టం మాత్రం మనదే. ఈసారి మన లెక్క మనమే రాద్దాం. మీ బిల్లులు, బ్యాంకు కాగితాలు, కంపెనీ రసీదులు పట్టుకుని వచ్చే మండల సమావేశానికి రండి. అన్నీ కట్టగట్టి ఒకే రోజున కలెక్టరు ఆఫీసుకు తీసుకెళ్దాం.