పిల్లర్ కంటే ముందు నేల: రాజీవ్ రహదారి నేర్పే పాఠం

కరీంనగర్, సిద్దిపేట వైపు నుంచి పొద్దున్నే ఇంటర్వ్యూకి హైదరాబాద్ బస్సెక్కిన వాళ్లకు ఈ అనుభవం ఉండే ఉంటుంది. శామీర్‌పేట దాకా నాలుగు వరసల రోడ్డుపై బస్సు సాఫీగా వచ్చేస్తుంది. తూంకుంట దాటాక అసలు పరీక్ష మొదలవుతుంది. అల్వాల్, తిరుమలగిరి, కార్ఖానా దాటి జేబీఎస్‌లో దిగేసరికి సర్టిఫికెట్ల ఫైల్ పట్టుకుని పరుగే! ఇది స్టేట్ హైవే-1. మనందరికీ రాజీవ్ రహదారి.

ఊళ్ల మధ్య హైవేలా ఉన్న రోడ్డు నగరంలోకి రాగానే ఇరుకు వీధి ఎందుకైపోయింది? డిజైన్ తెలియక కాదు. నగర రోడ్ల కొలతలకు ఐఆర్‌సీ 86, వాటి సామర్థ్యం లెక్కకు ఐఆర్‌సీ 106 ఎప్పటి నుంచో ఉన్నాయి. చిక్కంతా నేలతోనే. ఈ దారి సికింద్రాబాద్ కంటోన్మెంట్ గుండా వెళ్తుంది. అక్కడి భూముల్లో చాలా భాగం రక్షణ శాఖవి. రోడ్డు రాష్ట్రానిది, పక్కనున్న నేల కేంద్రానిది. ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిచాక 2024 మార్చి మొదట్లో రక్షణ శాఖ ఒప్పుకుంది. మార్చి 7న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అల్వాల్‌లో ఎలివేటెడ్ కారిడార్‌కు శంకుస్థాపన చేశారు.

అప్పుడు ప్రకటించిన లెక్కలు చూడండి. సికింద్రాబాద్ నుంచి శామీర్‌పేట ఓఆర్ఆర్ జంక్షన్ వరకు మొత్తం 18.10 కి.మీ., ఆరు వరసలు. ఇందులో ఎలివేటెడ్ భాగం 11.12 కి.మీ., పిల్లర్లు 287, అంచనా వ్యయం రూ.2,232 కోట్లు. కావాల్సిన భూమి 197.20 ఎకరాలు. అందులో 113.48 ఎకరాలు రక్షణ శాఖది, మిగతాది ప్రైవేటు ఆస్తులు.

ఈ అంకెల్ని కాసేపు కెలికితే డిజైన్ అర్థమవుతుంది. 11,120 మీటర్లను 287తో భాగిస్తే పిల్లర్‌కీ పిల్లర్‌కీ మధ్య సగటున దాదాపు 39 మీటర్లు. ఖర్చు కిలోమీటరుకు సుమారు రూ.123 కోట్లు. ఇంకో విశేషం ఉంది. హకీంపేట దగ్గర ఎయిర్‌ఫోర్స్ రన్‌వే ఉంది. విమానాలు దిగే దారిలో ఎత్తైన కట్టడం కుదరదు. అందుకే అక్కడ రోడ్డు భూమి లోపలికి దిగేలా, తొలి ప్రణాళికలో 0.3 కి.మీ. సొరంగం పెట్టారు. అంటే రోడ్డు ఎక్కడ పైకి లేవాలో, ఎక్కడ కిందికి దిగాలో తేల్చింది చుట్టూ ఉన్న నేలే.

దీనికి మనుషుల వైపు కూడా ఒకటుంది. పైన వెళ్లే కారుకు సమయం కలిసొస్తుంది. మరి కింద అల్వాల్‌లో బస్సు కోసం నిలబడ్డ విద్యార్థికి? ర్యాంపులు ఎక్కడ దిగుతాయి, కింద ఫుట్‌పాత్‌కు ఎంత చోటు మిగులుతుంది అన్నదాన్ని బట్టే జవాబు ఉంటుంది. రోడ్డు పక్క షాపులు, ఇళ్లున్న వాళ్లు వెడల్పు తగ్గించమని అడుగుతున్నారు. కాగితం మీద మీటరు తగ్గితే ఒకరి కొట్టు నిలబడుతుంది. కానీ ఆ మీటరు సర్వీస్ రోడ్డుదో, ఫుట్‌పాత్‌దో అయి ఉంటుంది. రెండు వైపులా న్యాయం ఉన్న చోట ఇంజినీర్ గీసే గీతకు బరువెక్కువ.

ఇంతలో 2025 జనవరి 1న జేబీఎస్ నుంచి శామీర్‌పేటకు మెట్రో కారిడార్ సిద్ధం చేయాలనే నిర్ణయం వచ్చింది. దారి దాదాపు ఒకటే. నాగ్‌పూర్ వార్ధా రోడ్డులో ఒకే పిల్లర్ మీద కింద ఫ్లైఓవర్, పైన మెట్రో నడుస్తున్నాయి. ఇక్కడా అలా చేయాలంటే పునాది వేయకముందే పిల్లర్ ఆ బరువుకు తగ్గట్టు ఉండాలి. రెండు శాఖలు ముందే ఒకే టేబుల్ దగ్గర కూర్చోకపోతే ఆ నష్టం ముప్పై ఏళ్లు మోయాలి.

ఇక మన విషయం. కాలేజీలో మనకు డిజైన్ చెప్తారు, కాంక్రీట్ చెప్తారు. డ్రిల్లింగ్ మెషీన్ రాకముందు జరిగే పని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. సర్వే, భూసేకరణ మ్యాపులు, నేల కింద నీటి పైపులు, కరెంటు కేబుళ్లు పక్కకు జరపడం, ట్రాఫిక్ లెక్కింపు... నగర ప్రాజెక్టు ఆలస్యమైందంటే చాలాసార్లు ఇక్కడే. పని తెలిసినవాళ్లు కావాల్సింది కూడా ఇక్కడే. కన్సల్టెన్సీల్లో డీపీఆర్ టీములు చేసేది ఇదే. సివిల్ వాళ్లతో పాటు జీఐఎస్, డేటా తెలిసిన సీఎస్ఈ వాళ్లకూ చోటుంది.

ఈ వారాంతం ఒక పని చేయండి. మీ ఊరి మెయిన్ రోడ్డులో ఒక కిలోమీటరు ఎంచుకోండి. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్‌లో దాన్ని గీయండి. పావుగంట నిలబడి వాహనాలు లెక్కపెట్టి పీసీయూల్లోకి మార్చండి. టేపుతో వెడల్పు కొలిచి క్రాస్ సెక్షన్ వేయండి. విస్తరిస్తే ఎవరి గోడ పోతుందో కూడా రాయండి. నాలుగు పేజీలు చాలు. ఇంటర్వ్యూలో ‘ప్రాజెక్టు ఏం చేశావ్?’ అని అడిగినప్పుడు డౌన్‌లోడ్ చేసిన రిపోర్టు కంటే ఈ నాలుగు పేజీల గురించే మీరు ధైర్యంగా మాట్లాడగలరు.