తీరమున నూతన గృహము

మన తీరగ్రామములయందు పాత తాటాకు టిండ్లను విప్పి, వాని స్థానమున కాంక్రీటు ఇండ్లు కట్టుచున్నారు. ఇది సంతోషింపదగిన మార్పే. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీనాటి ఉప్పెన దివిసీమలో వేలకొలది జనులను పొట్టనబెట్టుకొన్నది. కావున తీరవాసికి గట్టి యిల్లు వలదని చెప్పువాడు హితుడు కాడు.

ఐనను గట్టి యిల్లు కుమ్మరి ఆవమువలె నుండనక్కరలేదని మా యభిప్రాయము. చదునైన కాంక్రీటు కప్పు పగలెల్ల ఎండను త్రాగి, రాత్రి దానిని లోనికి విడుచును. అంతట గృహస్థుడు విద్యుచ్ఛక్తితో చల్లదనమును కొనవలసివచ్చును. ఇల్లు కట్టిన యప్పు తీరకముందే నెలనెలకు మరియొక యప్పు తలకెక్కును.

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకిన పిమ్మట పెక్కు పేటలకు దినములతరబడి విద్యుత్తు లేకపోయెను. అట్టి రాత్రి పసిబిడ్డయు, ముసలి తల్లియు ఏ యింట సుఖముగ నిద్రింపగలరో అదియే నిజమైన నూతన గృహము.

మన పూర్వులు తెలివిలేనివారు కారు. ఉత్తరాంధ్ర తీరమందలి చుట్టిండ్లను చూడుడు. మూలలు లేని మట్టిగోడను గాలి ఒరసికొని పోవును. క్రిందికి వంగిన చూరు గోడపై ఎండ పడనీయదు. ఆ తాటాకు నిప్పునకును, ఆ మట్టిగోడ ఉప్పెనకును ఆగవు. కాన ఆ రూపమును గాక, అందలి యుక్తిని మనము గ్రహింపవలయును.

ఆ యుక్తి యెట్లన: అరుగును వెనుకటి వరదనీటి గుర్తుకంటె ఎత్తుగ కట్టుడు. సముద్రపు గాలి వచ్చు వైపున కిటికీలుంచి, అది వెడలిపోవుటకు ఎదుటి గోడకును కిటికీలుంచుడు. పడమటి గోడకు వరండా నీడ నిండు. కప్పుపై వెల్లసున్నము పూయుడు. తెలుపు ఎండను త్రిప్పికొట్టును. కేరళమున పనిచేసిన లారీ బేకరుగారు ఇటుకలను నిలువుగ పేర్చి నడుమ బోలు విడుచు గోడలను ప్రచారము చేసిరి. అందువలన ఇటుకలలో సుమారు నాలుగవవంతు మిగులును. బోలులోని గాలి వేడిమిని అడ్డగించును. గాలివానలకు అట్టి గోడలను ఇనుప కమ్ములతోడి కాంక్రీటు పట్టీలతో బిగింపవలయును. సముద్రపు టిసుక ఎన్నడును వాడరాదు. ఉప్పు తగిలిన ఇనుము తుప్పుపట్టి, ఉబ్బి, కాంక్రీటును చీల్చును.

సూర్యరశ్మినుండి విద్యుత్తు తీయు పలకలను వలదనము. కాని ముందు అక్కరను తగ్గించి, పిదప దానిని తీర్చుకొనుట వివేకము.

"ఊరందరును ఇట్లే కట్టుచున్నారు గదా" యని మేస్త్రీ చెప్పవచ్చును. తలిదండ్రులారా, ఆ యింట నుండవలసినవారు మీరు. విద్యార్థులారా, ఒక ఉష్ణమాపకము సంపాదించి, వేసవి మధ్యాహ్నమున పాత యింటను, క్రొత్త యింటను వేడిమిని కొలిచి వ్రాసికొనుడు. ఇల్లు గీయుటకు ముందు ఆ కాగితమును మీ నాయనగారి యెదుట నుంచుడు. మా వాదముకంటె అది బలమైన సాక్ష్యము.