వెలుగుకు కంచె

పేటెంటు లేనిదే పరిశోధన లేదనే వాదన యీమధ్య కళాశాలల్లో గట్టిగా వినవస్తూంది. కళాశాలలకు మార్కులు వేసే పట్టికల్లో పేటెంట్లకూ వొక గడి వున్నది. జహీరాబాదులో తెలుగు పాఠం చెప్పుకునే నాకు దీనితో యేం పని అని కొందరు మిత్రులు అడగవచ్చు. జ్ఞానం యెవరి సొత్తు అన్న ప్రశ్న సాహిత్యానిది కాకపోతే మరి యెవరిది?

వాదనను వొక వాస్తవం మీద పరీక్షిద్దాం. చుట్టూ వున్న వెలుతురును బట్టి ఫోను తెర కాంతిని సరిచేసే చిన్న సర్క్యూటు వున్నది. మన కంటికి కనపడని పరారుణ కాంతిని కూడా సిలికాను పసిగడుతుంది. అందుచేత కొన్ని ఫోటోడయోడ్లకు దృశ్యకాంతి సోకకుండా కప్పువేసి, కొన్నిటిని తెరిచివుంచి, రెండు లెక్కలనూ పోల్చి కంటికి తోచే వెలుగును కొలుస్తారు.

ఇటువంటి సెన్సార్ల మీద అమెరికాలో టావోస్, ఇంటర్సిల్ అనే రెండు కంపెనీలు తగవులాడుకున్నాయి. 2004లో విలీనం మాటలు నడిచినప్పుడు గోప్యంగా వుంచాలన్న ఒడంబడిక మీద వివరాలు చేతులు మారాయి. విలీనం జరగలేదు. ఆ తరహా సెన్సార్లు మాత్రం ఇంటర్సిల్ పేర బజారుకు వచ్చాయి. 2008లో టావోస్ దావా వేసింది; 2015లో జ్యూరీ టావోస్ పక్షాన నిలిచింది. 2018లో అప్పీలు కోర్టు రహస్యాన్ని వాడుకున్న నేరాన్ని ఖాయపరచి, నష్టపరిహారాన్ని మాత్రం కొట్టివేసింది.

నమ్మి చెప్పినదాన్ని వమ్ము చేయడం తప్పే. అందులో నాకు సందేహం లేదు. కాని ఆ కంపెనీ అడిగిన హక్కులు చూడండి: వొకటి పేటెంటు, రెండవది వ్యాపార రహస్యం. కనిపెట్టినదాన్ని లోకానికి విప్పిచెప్పు, బదులుగా 20 యేళ్లు గుత్తాధికారం అనుభవించు — ఇదీ పేటెంటు బేరం. రహస్యమంటే చెప్పకపోవడమే. ఒకే సెన్సారులో విప్పిచెప్పిన భాగానికి వొక కూలి, దాచిన భాగానికి మరొక కూలి! ఇక లోకానికి మిగిలిందేమిటి? వస్తువును కొని, విప్పి చూసి నేర్చుకోవడం న్యాయమైన దారేననీ, 2006 జనవరి నాటికే ఆ అమరిక అలా తెలుసుకోదగినదైందనీ అప్పీలు కోర్టే చెప్పవలసివచ్చింది.

ఇందులో కనిపెట్టిన ఇంజనీరు యెక్కడ? ఉద్యోగ పత్రం మీద సంతకం పెట్టిననాడే అతని మెదడు పంట యజమాని గాదెకు చేరింది. పేటెంటు మేధావిని కాపాడుతుందనేవారు యీ మాటకు జవాబు చెప్పాలి.

వెలుగుకూ విద్యుత్తరంగాలకూ స్పందించే గెలీనా స్ఫటికంతో జగదీశ్ చంద్ర బోస్ పరికరం నిర్మించాడు. 1904లో దానికి అమెరికా పేటెంటు వచ్చింది. అదీ స్నేహితుల వొత్తిడి మీద. పేటెంటు మీద మోజు లేనందున ఆయన శాస్త్రవేత్త కాకుండా పోయాడా?

మా జహీరాబాదు పక్కనే పస్తాపూర్ ప్రాంతంలో సంఘం స్త్రీలు చిరుధాన్యాల విత్తనాలు దాచి, పంచుకుంటారు. విత్తనం దాచుకునే, మార్చుకునే రైతు హక్కును 2001 చట్టమే గుర్తించింది. పంచితే జ్ఞానం తరగదని ఆ స్త్రీలకు తెలుసు. మార్కుల పట్టికలు రాసేవారికే తెలియదు.

గడి వుండవలసిందే. అందులో యెన్ని కంచెలు వేశామన్నది కాదు, యెందరికి విప్పిచెప్పామన్నది రాయాలి. ప్రజల పన్నుతో పుట్టిన పరిశోధన ప్రజలదే.