బల్లి ఎందుకు పడదు?

పంచాంగంలో కందాయ ఫలాల తర్వాత ఎక్కడో ఒక పేజీ బల్లిపాటుకు తప్పనిసరిగా ఉంటుంది. తలమీద పడితే ఏమిటి, భుజంమీద పడితే ఏమిటి, మగవారికి ఎటువైపు మంచిది, ఆడవారికి ఎటువైపు అని అవయవాలవారీగా పెద్ద పట్టిక. కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని తాకి వచ్చినవారికి ఏ దోషమూ అంటదంటారు. అంత దూరం వెళ్లలేనివారు, వెళ్లొచ్చినవారిని తాకి సరిపెట్టుకుంటారు. బల్లి పడితే ఏమవుతుందో ఇంత వివరంగా రాసుకున్నాం. కప్పుకు తలకిందులుగా అంటుకుని రాత్రంతా వేటాడే ఆ జీవి అసలు పడకుండా ఎలా ఉంటోందన్న సంగతి మాత్రం పంచాంగానికి పట్టలేదు.

జిగురేమో అనుకుంటే దాని పాదాల్లో జిగురు ఊరే గ్రంథులే లేవు. గాలిని పీల్చి పట్టుకుంటుందేమో అనుకుంటే, గాలి తీసేసిన పాత్రలోనూ పట్టు సడలలేదు. గోళ్లతోనా? నున్నటి గాజుమీద గోళ్లకు పనేముంది!

కెల్లర్ ఆటమ్, రాబర్ట్ ఫుల్ తదితర అమెరికా శాస్త్రవేత్తలు 2000లో టోకే అనే పెద్దజాతి బల్లి పాదం అడుగున ఉండే సన్నని రోమాల్లో ఒకే ఒక్కదాన్ని తీసి, దాని పట్టు ఎంతో కొలిచారు. ఒక్కో పాదానికి అలాంటివి దాదాపు 5 లక్షలు. మన వెంట్రుకలో పదోవంతు మందం ఉండే ఆ రోమం కొసన మళ్లీ వందల పాయలు. అవి గోడకు ఎంత దగ్గరగా చేరతాయంటే, రెండు వైపుల అణువుల మధ్యా ఉండే అతి బలహీనమైన ఆకర్షణ పనిచేయడం మొదలవుతుంది. దానికి 1910లో నోబెల్ అందుకున్న డచ్చి శాస్త్రవేత్త వాండర్ వాల్స్ పేరు పెట్టారు. ఒక్కో పాయ పట్టు లెక్కలోకి రానిదే. అన్నీ కలిస్తే టోకే బల్లి ముందుకాళ్లు రెండే సుమారు 2 కిలోల బరువును ఆపుతాయి.

పట్టుకోవడంకన్నా వదలడం ఇంకా చిత్రం. రోమం వాలు సుమారు 30 డిగ్రీలకు చేరితే పట్టు దానంతటదే విడిపోతుంది. అందుకే బల్లి వేళ్లను కొసలనుంచి వెనక్కి చుట్టుకుంటూ ఎత్తుతుంది, మనం ప్లాస్టరు ఊడదీసినట్టు. పట్టుకు కండబలం కూడా అక్కర్లేదు. చచ్చిన బల్లి పాదం కూడా బతికున్నప్పటంత గట్టిగానే పట్టుకుంటుందని 2014లో కాలిఫోర్నియా పరిశోధకులు తేల్చారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు ఈ కిటుకుతో చేసిన పలకలను చేతులకు తొడిగి 70 కిలోల మనిషిని గాజుగోడ ఎక్కించారు.

అయినా ఒక్కోసారి బల్లి పడుతుంది. పంచాంగం మాట అక్కడ నిజమే. ఇళ్లలో తిరిగే ఒక జాతి బల్లులను పరిశీలిస్తే, అవి వీపు కిందికి ఉండేలా జారినా గాల్లోనే తోక తిప్పి, సెకనులో పదోవంతు కాలంలో ఒళ్లు సరిచేసుకుంటున్నాయని 2008లో తెలిసింది. మన భుజంమీద పడ్డప్పుడు మనం బెదిరినంతగా అది బెదరకపోవచ్చు.

మాట మధ్యలో బల్లి పలికితే 'సత్యం' అంటూ వేలితో తట్టే మనమే, హాస్టలు సాంబారులో బల్లి కనబడగానే విషమని హడలిపోతాం. మన ఇంటి బల్లికి విషం లేదు. అయితే సాల్మొనెల్లావంటి రోగక్రిములను మోస్తుంది కనుక ఆ సాంబారును పారబోయాల్సిందే. అందులో బల్లి తప్పు లేదు, మూత పెట్టనివారిదే తప్పు. ట్యూబులైటు చుట్టూ మూగే ఉసిళ్లనూ దోమలనూ బల్లి జీతం అడగకుండా తినిపెడుతోంది. గిన్నెలమీద మూతలు వేయండి, గోడమీద దాన్ని ఉండనివ్వండి.